ఆ ముప్పై ఎక్కడి నుంచి వచ్చింది?

సంపాదకులకు,

పత్రికల ఆదివారం పేజీల్లోనూ, ఫోన్లలో తిరిగే సందేశాల్లోనూ ‘మీ ఆందోళన ఎంత? పది ప్రశ్నల్లో తేల్చుకోండి’ తరహా ప్రశ్నావళులు బాగా పెరిగాయి. చివర ఒక చిన్న పట్టిక ఉంటుంది. 15 లోపు వస్తే మీరు ప్రశాంతంగా ఉన్నట్టు, 30 దాటితే డాక్టరును కలవాలి. చదివేవాళ్లు టిక్కులు పెడతారు, కూడతారు, మురిసిపోవడమో దిగులు పడడమో చేస్తారు. ఆ 30 ఎక్కడి నుంచి వచ్చిందని మాత్రం ఎవరూ అడగరు. 29 వచ్చిన మనిషికీ 31 వచ్చిన మనిషికీ నిజంగా తేడా ఉందా? ఆ అంకె వెనక ఎంతమంది జవాబులున్నాయి? ఏమీ లేకపోతే అది పరీక్ష కాదు, కాలక్షేపం. కాలక్షేపమని పైనే రాసి వేస్తే ఎవరికీ అభ్యంతరం ఉండదు. డాక్టరు దగ్గరికి పంపే మాట రాశాక మాత్రం లెక్క చెప్పాల్సిందే.

మనస్తత్వ పరీక్ష తయారీలో ప్రశ్నలు రాయడం అన్నిటికంటే తేలికైన పని. రాసినవాటిలో ఏవి తీసిపారేయాలో కనిపెట్టడంలోనే అసలు శ్రమంతా ఉంది. ఆ శ్రమ ఎలాంటిదో మీ పాఠకులకు తెలియాలనే ఈ ఉత్తరం.

మొదట తేల్చుకోవాల్సింది మూడు సంగతులు: ఏం కొలుస్తున్నాం, ఎవరిలో కొలుస్తున్నాం, వచ్చిన స్కోరుతో ఏ నిర్ణయం తీసుకుంటాం. మామూలు తరగతిలో నెగ్గుకురాలేని పిల్లలను గుర్తించడానికని ఫ్రాన్స్‌లో ఆల్‌ఫ్రెడ్ బినే, థియోడోర్ సిమోన్ 1905లో 30 పనులతో ఒక మాపని తయారు చేశారు. వెలుగుతున్న అగ్గిపుల్లను కళ్లతో వెంబడించడం అందులో మొదటిది, అమూర్తమైన మాటల మధ్య తేడా చెప్పడం చివరిది. 1908లో వాటిని వయసులవారీగా సర్దారు. ఏ పని ఏ వయసుకు చెందుతుందో ఊహించి రాయలేదు, పిల్లల చేత చేయించి చూసి రాశారు. 1911లో మళ్లీ మార్చారు. ఆరేళ్లలో మూడు రూపాలు. ప్రజ్ఞను కొలిచే పరీక్షలన్నిటికీ మూలమనదగ్గ ఆ మాపని కూడా మొదటిసారే కుదరలేదు.

కొలవదలచినదాన్ని ముక్కలు చేయడం తర్వాతి పని. పరీక్షల భయాన్ని కొలవాలనుకుందాం. గుండె దడ, చెమటలు శరీరానికి సంబంధించినవి. ‘ఫెయిలైతే అంతా అయిపోయినట్టే’ అన్నది ఆలోచన. పుస్తకం తెరవకుండా వాయిదా వేయడం ప్రవర్తన. ఏ ముక్కకు ఎన్ని అంశాలో (అంశమంటే జవాబివ్వాల్సిన ఒక్కో ప్రశ్న లేదా వాక్యం) ముందే ఒక పట్టిక గీసుకోవాలి. గీసుకోకపోతే ఏమవుతుందంటే, శరీర లక్షణాల మీద వాక్యాలు రాయడం సులువు కాబట్టి సగం ప్రశ్నావళి దడతోనూ చెమటతోనూ నిండిపోతుంది. అప్పుడది పరీక్షల భయంతో పాటు ఎండనూ జ్వరాన్నీ కూడా కొలుస్తుంది. చివరికి 20 అంశాలు మిగలాలంటే మొదట 50, 60 రాసుకోవాలి. సగానికి పైగా పోతాయని తెలిసే రాయాలి.

వాక్యం దగ్గర జరిగే పొరపాట్లు అనేకం. ‘నాకు ఆందోళనగా ఉంటుంది, నిద్ర పట్టదు’ అన్నది ఒక వాక్యంలా కనిపించే రెండు ప్రశ్నలు. ఆందోళన ఉండి హాయిగా నిద్రపోయేవాడు దేనికి టిక్కు పెట్టాలి? ‘తరచుగా’ అన్న మాట ఇంకో గుంట. ఒకరికి తరచుగా అంటే రోజూ, ఇంకొకరికి నెలకు రెండుసార్లు. అందుకే జాగ్రత్తగా తయారు చేసినవాటిలో కాలం గీత గీసి ఉంటుంది. దిగులును పసిగట్టడానికి ప్రపంచమంతా వాడుతున్న పీహెచ్‌క్యూ-9 ‘గత రెండు వారాల్లో’ అని అడుగుతుంది. ‘అసలు లేదు’కు 0, ‘దాదాపు ప్రతిరోజూ’కు 3, తొమ్మిది అంశాలకు మొత్తం 27.

తెలుగులో వ్యతిరేక వాక్యాలతో ప్రత్యేకమైన చిక్కుంది. ‘మీకు భయం లేదా?’ అని అడిగితే ఒకరు ‘అవును’ అంటారు, లేదన్న అర్థంలో. ఇంకొకరూ ‘అవును’ అంటారు, ఉందన్న అర్థంలో. కాగితం మీద రెండూ ఒకే టిక్కు. అలాగని అన్నీ ఒకే దిక్కున రాస్తే, దేనికైనా తలూపే అలవాటున్నవాళ్ల స్కోరు ఊరికే పెరిగిపోతుంది. మోరిస్ రోజెన్‌బర్గ్ 1965 నాటి ఆత్మగౌరవ మాపనిలో పది అంశాలుంటే ఐదు అనుకూలంగా, ఐదు ప్రతికూలంగా ఉన్నది అందుకే. వ్యతిరేక దిక్కు అంశం కావాలంటే ‘లేదు’, ‘కాదు’ తగిలించకుండా ‘నేను నిశ్చింతగా ఉంటాను’ అని నేరుగా రాయడం మేలు. అయినా కొందరు హడావిడిలో తిరగేసి చదువుతారు. ఆ తప్పులన్నీ ఒకచోట పోగై, గణాంకాల్లో అదేదో కొత్త లక్షణంలా కనపడి పరిశోధకులను మోసం చేసిన సందర్భాలు తక్కువేం కాదు.

అందరూ ఒకేలా జవాబిచ్చే వాక్యం కూడా దండగే. ‘నాకు అప్పుడప్పుడూ కోపం వస్తుంది’ అంటే అవుననని వాళ్లెవరు? మనుషుల మధ్య తేడా చూపలేనిది కొలత కాదు. తమాషా ఏమిటంటే, దానికి ‘కాదు’ అనేవారిని గమనించడానికైతే అదే వాక్యం వేరే పనికి పనికొస్తుంది. హాథవే, మెకిన్లీ రూపొందించగా 1943లో అచ్చయిన మిన్నెసోటా వ్యక్తిత్వ పరీక్షలో ఇలా తమను మరీ మంచివాళ్లుగా చూపించుకునేవారిని పట్టే అంశాలు 15 ఉన్నాయి. వాటిలో చాలావాటికి ‘కాదు, నేనలా కాదు’ అన్నవారి మిగతా జవాబులను ఆచితూచి చదవాలి.

రాసిన అంశాలు నిపుణుల ముందుకు వెళ్తాయి. బాగుందా అని అడిగితే మొహమాటానికి అందరూ బాగుందంటారు. అడగాల్సింది ‘ఈ లక్షణం కొలవడానికి ఇది తప్పనిసరా?’ అని. లాషే 1975లో దీనికి సులువైన లెక్క చెప్పాడు. తప్పనిసరి అన్నవారి సంఖ్యలోంచి మొత్తం నిపుణుల్లో సగాన్ని తీసేసి, వచ్చినదాన్ని మళ్లీ ఆ సగంతో భాగించాలి. పదిమందిలో ఎనిమిది మంది ఒప్పుకుంటే 0.60. పదిమంది ఉన్నప్పుడు ఆయన పెట్టిన గీత 0.62. అంటే పదింట ఎనిమిది ఓట్లు తెచ్చుకున్న అంశం కూడా ఓడిపోతుంది.

నిపుణుల తర్వాత మామూలు మనుషులు. ఎనిమిది, పదిమందిని ఒక్కొక్కరినే కూర్చోబెట్టి, వాక్యం చదివి ఏం అర్థమైందో బిగ్గరగా చెప్పమనాలి. చాలామంది దాటవేసే మెట్టు ఇది, ఖర్చు లేకుండా ఎక్కువ లాభమిచ్చే మెట్టూ ఇదే. ‘నీరసంగా ఉంటుంది’ అని మనం ఉత్సాహం లేకపోవడాన్ని ఉద్దేశించి రాస్తాం. ఎదుటివారు ఒంట్లో సత్తువ లేకపోవడం గురించి మాట్లాడతారు. ఆ తేడా ఏ కంప్యూటరూ పట్టుకోలేదు.

ఇక అంకెల పని. ప్రజ్ఞ, సామర్థ్య పరీక్షల్లో అంశ విశ్లేషణ ఎలా జరుగుతుందో ఒక ఉదాహరణ. 200 మంది రాశారు. మొత్తం మార్కుల వరుసలో పేర్చి పై నుంచి 27 శాతం, కింద నుంచి 27 శాతం తీసుకుంటాం. ఒక్కో గుంపులో 54 మంది. గుంపులు మరీ చిన్నవైతే అంకెలు నిలకడగా ఉండవు, మరీ పెద్దవైతే రెండు గుంపుల మధ్య తేడా పలచబడుతుంది. ఆ రెంటికీ మధ్య సరైన రాజీ 27 శాతమని ట్రూమన్ కెలీ 1939లో లెక్కగట్టి చూపాడు. ఒక ప్రశ్నకు పై గుంపులో 45 మంది, కింది గుంపులో 18 మంది సరిగ్గా రాశారనుకోండి. రెండూ కలిపి 63ను 108తో భాగిస్తే 0.58, అది కాఠిన్యతా స్థాయి (పేరు అలా ఉన్నా, ఈ అంకె పెరిగితే ప్రశ్న తేలికని అర్థం). తేడా 27ను 54తో భాగిస్తే 0.50, అది విచక్షణా శక్తి, అంటే పై గుంపునూ కింది గుంపునూ వేరుచేసి చూపే శక్తి. ఇది 0.40 దాటితే మంచి ప్రశ్న. 0.20 కంటే తక్కువైతే తీసేయాలి, లేదా తిరగరాయాలి. మైనస్ వచ్చిందా, అంటే బాగా చదివినవాళ్లే ఎక్కువ తప్పు చేశారన్నమాట. అలాంటప్పుడు ముందు ‘కీ’ చూడండి, చాలాసార్లు తప్పు అక్కడే ఉంటుంది. కీ సరైనదే అయితే, తప్పు ఐచ్ఛికాల్లో ఒకటి లోతుగా ఆలోచించేవారికి ఒప్పులా తోస్తోందన్నమాట.

నాలుగు ఐచ్ఛికాల ప్రశ్నకు గుడ్డిగా రాసినా నాలుగింట ఒక వంతు మంది సరిగ్గా రాస్తారు. కాబట్టి కాఠిన్యతా స్థాయి 0.25 దగ్గర ఉందంటే ఆ ప్రశ్న ఎవరికీ రాలేదని అర్థం. సగటున 0.62 చుట్టూ ఉంటే తేడాలు బాగా బయటపడతాయి. ఎవరూ ఎంచుకోని ఐచ్ఛికం చచ్చిన ఐచ్ఛికం. దాన్ని మార్చకపోతే నాలుగు ఐచ్ఛికాల ప్రశ్న పేరుకే నాలుగు.

విశ్వసనీయత, అంటే కొలత ఎంత నిలకడగా ఉందన్న విషయంలో అంకెలు చూసి మోసపోవడం ఎక్కువ. క్రాన్‌బాక్ 1951లో చెప్పిన ఆల్ఫా (అంశాలన్నీ ఒకదానితో ఒకటి ఎంత కలిసివస్తున్నాయో చూపే అంకె) 0.80 దాటిందని చాలామంది చంకలు గుద్దుకుంటారు. అంశాల మధ్య సగటు సహసంబంధం (ఒకటి పెరిగితే రెండోది ఎంతవరకు పెరుగుతుందన్న కొలత) 0.30 ఉంటే, 5 అంశాలకు ఆల్ఫా 0.68 వస్తుంది, 10 అంశాలకు 0.81, 20 అంశాలకు దాదాపు 0.90. అంటే నాణ్యత పెంచకపోయినా పొడవు పెంచితే ఆల్ఫా పెరుగుతుంది. ఇంకా దొంగదారి కావాలంటే ‘నాకు దిగులుగా ఉంటుంది’, ‘నాకు విచారంగా ఉంటుంది’, ‘నేను దిగులు పడుతుంటాను’ అని ఒకే మాటను మూడు వేషాల్లో అడగవచ్చు. ఆల్ఫా 0.95 దాటిందంటే మెచ్చుకోవడానికి ముందు ప్రశ్నలు చదవాలి.

అదే మనిషికి మళ్లీ పరీక్ష పెడితే అదే స్కోరు వస్తుందా అన్నది ఇంకో పరీక్ష. మర్నాడే పెడితే జవాబులు గుర్తుంటాయి. ఆరు నెలల తర్వాత పెడితే మనిషే మారి ఉండవచ్చు. అందుకే సాధారణంగా రెండు వారాలు. రోజురోజుకూ మారే మూడ్‌ను కొలిచేదానికి ఆ గడువూ ఎక్కువే.

ఎంత మంచి పరీక్షలోనైనా కొలత దోషం ఉంటుంది. ప్రజ్ఞాలబ్ధి సగటు 100, ప్రామాణిక విచలనం (స్కోర్లు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉంటాయన్న కొలత) 15. విశ్వసనీయత 0.91 అయితే దోషం 4.5 పాయింట్లు. 104 వచ్చిన మనిషి అసలు స్థాయి సుమారు 95కూ 113కూ మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. ఇద్దరి స్కోర్ల మధ్య తేడా ఉందని కాస్త ధైర్యంగా చెప్పాలంటే 12, 13 పాయింట్లయినా ఎడం కావాలి. అన్నకు 108, తమ్ముడికి 104 అని పోల్చడానికి ఇందులో ఏ ఆధారమూ లేదు. పది ప్రశ్నల పత్రికా పరీక్షలో ఒక్క పాయింటుతో ‘సాధారణం’ నుంచి ‘తీవ్రం’లోకి తోసేయడం సంగతి ఇక చెప్పేదేముంది!

విశ్వసనీయత ఉన్నంత మాత్రాన సప్రమాణత, అంటే కొలవదలచినదాన్నే కొలిచే గుణం, ఉన్నట్టు కాదు. ఎప్పుడూ రెండు కిలోలు ఎక్కువ చూపే తూకం యంత్రం నమ్మకంగానే తప్పు చూపిస్తుంది. కొలవదలచినదాన్నే కొలుస్తున్నామని రుజువు చేయడం ఒక్క అంకెతో తేలదు. పోలిక ఉండాల్సిన పరీక్షలతో పోలిక ఉండాలి, ఉండకూడనివాటితో ఉండకూడదు. ఆందోళన మాపని స్కోరు చదివే సామర్థ్యంతో గట్టిగా ముడిపడి ఉందంటే, మనం వాక్యాలు కష్టంగా రాశామన్నమాట. కాంబెల్, ఫిస్క్ 1959లో దీన్ని ఒక పద్ధతిగా పెట్టారు.

ఇక్కడ ఎడ్వర్డ్ క్యూర్టన్ 1950లో చేసిన కొంటె పని గుర్తు చేయాలి. 29 మంది విద్యార్థుల మార్కులు తీసుకున్నాడు. 85 బిళ్లల మీద అంకెలు వేసి, ఒక్కో విద్యార్థి పేరిట ఒకసారి కుదిపి బల్ల మీద పోశాడు. అంకె పైకి పడితే ఆ ‘అంశానికి’ ఒక మార్కు. తర్వాత మామూలు పద్ధతిలోనే, విద్యార్థుల మార్కులతో కలిసివచ్చిన బిళ్లలను ఉంచి మిగతావి పారేశాడు. మిగిలిన బిళ్లల ‘పరీక్ష’కూ, అవే మార్కులకూ సహసంబంధం 0.82 వచ్చింది. బిళ్లలకు చదువేం తెలుసు? ఏ జనం జవాబులు చూసి అంశాలను ఏరామో అదే జనం మీద పరీక్షను మెచ్చుకుంటే ఇదే జరుగుతుంది. అందుకే ఏరిన తర్వాత కొత్త జనం మీద మళ్లీ పెట్టి చూడాలి. అంకె కొంత పడిపోతుంది. పడిపోయాక మిగిలిందే నిజం.

‘అచ్చం నా గురించే రాసినట్టుంది’ అన్న పాఠకుల మెప్పు కూడా రుజువు కాదు. బెర్‌ట్రమ్ ఫోరర్ తన తరగతిలో 39 మందికి వ్యక్తిత్వ పరీక్ష పెట్టి, ఎవరి ఫలితం వారికని చెప్పి అందరికీ ఒకే కాగితం ఇచ్చాడు. అందులోని వాక్యాలు చాలావరకు అంగట్లో దొరికే జ్యోతిషం పుస్తకంలోవి. ఎంత సరిపోయిందని అడిగితే 5కు సగటున 4.26 వేశారు. 1949లో ఇది అచ్చయింది. వారఫలాల పక్కనే మనస్తత్వ పరీక్ష వేసే పత్రికలు దీన్ని ఒకసారి తలుచుకోవాలి.

ఇప్పుడు మళ్లీ ఆ 30 దగ్గరికి. హద్దు గీత గీయాలంటే, నిపుణులు విడిగా పరీక్షించి సమస్య ఉందనీ లేదనీ తేల్చిన మనుషులు కావాలి. వాళ్ల స్కోర్లు చూసి గీత ఎక్కడ పెడితే ఎంతమంది దొరుకుతారో, ఎంతమంది ఊరికే చిక్కుతారో లెక్కించాలి. మంచి పరీక్షే అనుకుందాం. సమస్య ఉన్నవారిలో 90 శాతాన్ని పట్టుకుంటుంది, లేనివారిలో 90 శాతాన్ని సరిగ్గా వదిలేస్తుంది. జనంలో ఆ సమస్య నూటికి ఇద్దరిలో ఉంది. వెయ్యి మంది రాస్తే సమస్య ఉన్న 20 మందిలో 18 మంది గీత దాటుతారు. లేని 980 మందిలో 98 మంది కూడా దాటుతారు. మొత్తం 116 మందికి ‘డాక్టరును కలవండి’ అని వస్తే, అందులో నిజంగా అవసరమైనవారు 18 మంది, అంటే ఆరుగురిలో ఒకరు. అదే పరీక్షను ఆసుపత్రిలో, సగం మందికి సమస్య ఉన్నచోట పెడితే గీత దాటిన పదిమందిలో తొమ్మిదిమంది అవసరమైనవారే. పరీక్ష మారలేదు, రాసిన జనం మారారు. ఆసుపత్రిలో పనికొచ్చిన హద్దును పత్రికలోకి తెచ్చేటప్పుడు ఎవరికీ గుర్తురాని లెక్క ఇది.

గుంపుల మధ్య న్యాయం సంగతి కూడా అంశం స్థాయిలోనే చూడాలి. దిగులు మాపనుల్లో ఏడుపు గురించిన అంశం పేరుమోసిన ఉదాహరణ. ఒకే స్థాయి దిగులున్న స్త్రీ పురుషుల్లో స్త్రీలే ఎక్కువగా అవునంటారు. అప్పుడది దిగులుతో పాటు ఏడవడానికి సమాజం ఎవరిని అనుమతించిందో కూడా కొలుస్తోంది.

అనువాదం గురించి ఒక్క హెచ్చరిక. అనువదించి, ఇంకొకరి చేత మళ్లీ మూలభాషలోకి తిప్పించి పోల్చడం మంచి అలవాటే, కానీ అది చాలదు. ఇంగ్లీషులో దిగులుగా ఉండడాన్ని నీలం రంగుతో చెబుతారు. ఎవరైనా దాన్ని ‘నాకు నీలంగా ఉంటుంది’ అని దించేస్తే, వెనక్కి తిప్పినప్పుడు అచ్చంగా మూలమే వస్తుంది. పోలిక నూటికి నూరు, అర్థం సున్నా. అనువాదమయ్యాక బిగ్గరగా ఆలోచింపజేయడం నుంచి హద్దు గీత దాకా అన్నీ కొత్తగా చేయాల్సిందే.

ప్రతిమానాలకు, అంటే స్కోరును పోల్చి చూసే పట్టికలకు, ముసలితనం కూడా వస్తుంది. ప్రజ్ఞా పరీక్షల సగటు స్కోర్లు ఇరవయ్యో శతాబ్దంలో చాలా దేశాల్లో దశాబ్దానికి సుమారు 3 పాయింట్ల చొప్పున పెరిగాయని జేమ్స్ ఫ్లిన్ చూపాడు. అలా పెరిగేచోట ఇరవై ఏళ్ల కిందటి పట్టికతో చూస్తే 6 పాయింట్లు ఊరికే కలిసివస్తాయి. వెక్స్‌లర్ పెద్దల ప్రజ్ఞా మాపని 1955లో వస్తే 1981, 1997, 2008, 2024లలో కొత్త రూపాలు రావడానికి ముఖ్య కారణాల్లో ఇదొకటి.

మీకు నా విన్నపం చిన్నదే. ప్రశ్నావళి వేసేటప్పుడు కింద నాలుగు పంక్తులకు చోటివ్వండి: దీన్ని ఎవరి కోసం తయారు చేశారు, ఎంతమంది మీద పరీక్షించారు, కొలత దోషం ఎంత, హద్దు ఎలా గీశారు. ఆ నాలుగూ దొరకకపోతే ‘సరదాకి మాత్రమే’ అని వేసి, పట్టికలో రోగాల పేర్లూ డాక్టర్ల ప్రస్తావనా తీసేయండి. ఆసుపత్రుల్లో వాడే ప్రజ్ఞా పరీక్షల అసలు ప్రశ్నలు ఎవరిచ్చినా అచ్చు వేయవద్దు. ముందే చూసినవారి స్కోరుకు అర్థం ఉండదు, ఏళ్ల తరబడి పోగుచేసిన ప్రతిమానాలు వృథా అవుతాయి.

ఇంకొకటి, ఇది అన్నిటికంటే అత్యవసరం. పీహెచ్‌క్యూ-9ను తెలుగులో వేసేటప్పుడు మొత్తం కూడి 10కి చేరిందా లేదా అని మాత్రమే చూడమనడం ప్రమాదం. తొమ్మిదో అంశం చనిపోతే బాగుండన్న ఆలోచనల గురించి, తనకు తాను హాని చేసుకోవడం గురించి అడుగుతుంది. మిగతా ఎనిమిదింటికీ సున్నా వేసి దానికి మాత్రం 1 వేసిన మనిషి మొత్తం స్కోరు 1. పట్టిక ప్రకారం ఆ మనిషికి ఏ ఇబ్బందీ లేదు. ఆ అంశానికి సున్నా కాక ఏది వచ్చినా, మొత్తంతో సంబంధం లేకుండా వెంటనే మానసిక వైద్యులతో మాట్లాడాలి, అంతదాకా ఇంట్లో ఒకరు తోడుండాలి. ఈ వాక్యాన్ని పట్టిక కింద చిన్న అక్షరాల్లో కాకుండా, పట్టికకు పైన పెద్ద అక్షరాల్లో వేయండి.

ఇట్లు,
మనస్తత్వ శాస్త్రం బోధించే ఒక పాఠకుడు